నా పేరున్న పంది

నిన్న సాయంత్రం మా మనవరాలు కుక్కకు స్నానం చేయించింది. మా అమ్మాయి వాళ్లుండే మూడో అంతస్తు ఇంట్లో కుక్కకు ఒక సబ్బు, ఒక తువ్వాలు, ఒక దువ్వెన ఉన్నాయి. నాకూ దువ్వెన ఉంది గానీ, దానికి పని తగ్గిపోతోంది. బాల్కనీలో బకెట్టు పెట్టుకొని పిల్ల చెంబుతో నీళ్లు పోస్తుంటే కుక్క కాసేపు తల వంచుకొని ఊరుకుంది. తర్వాత ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించింది. గోడ, తలుపు, నేను, నా కొత్త చీర, అందరం తడిసిపోయాం. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడి, నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను.

“ఏంది అమ్మమ్మా, కుక్కకు దండం పెడతా ఉండావు?” అంది మనవరాలు.

ఏం చెప్పను? నీళ్లు పోసినప్పుడు జంతువు ఒళ్లు విదిలిస్తే దండం పెట్టాలని నాకు నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆ మనిషి మా అవ్వ, మా నాయనను కన్నతల్లి.

మేము ముదలియార్‌పేట చివర, మునిసిపాలిటీ పనివాళ్లకు కట్టిచ్చిన వరస ఇళ్లలో ఉండేవాళ్లం. ముందు వీధి, వెనక మురుగు కాలువ, కాలువకు అవతల తుమ్మ పొదలు. ఆ పొదల్లో మా పందులు. గాలి తేంగాయితిట్టు చేపల రేవు వైపు నుంచి వీస్తే ఎండుచేపల వాసన వచ్చేది, మిల్లు వైపు నుంచి వీస్తే నూనె వాసన వచ్చేది. ఏ గాలీ లేకపోతే మా సొంత వాసన మాకుండేది. ఫినాయిలు, బ్లీచింగు పొడి, కుడితి, అవ్వ నమిలే పొగాకు, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు ఏ ఆసుపత్రిలోనో ఫినాయిలు వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు ఆకలేస్తుంది.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు మాట్లాడేవాళ్లమే తప్ప రాయడం, చదవడం మా వరసలో ఒక్కరికీ రాదు. పెళ్లయ్యాక నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా ఆయన నాకు అక్షరాలు దిద్దించాడు. కాబట్టి ఇందులో తప్పులు ఉంటే అవి ఆయనవి.

మా అవ్వకు ‘అవ్వదు’ అన్న మాట రాదు. తెల్లారకముందే సముద్రం పక్కన పెద్ద పెద్ద గోడల వీధులన్నీ ఊడ్చేది. ఎండెక్కాక ఇంటికొచ్చి మమ్మల్ని ఉతికేది. ముందు దెబ్బ, తర్వాత నేరం. వీపు మీద చెయ్యి పడ్డాక “ఎందుకవ్వా?” అని ఏడిస్తే, “నీకే తెలుస్తాది, యోచన చెయ్యి మే” అనేది. కూర్చుని యోచన చేస్తే నిజంగానే ఏదో ఒకటి బయటపడేది. ఆమె కొట్టిన దెబ్బ వృథా పోయిన రోజు నాకు గుర్తు లేదు.

నన్ను ఒక్కదాన్నే కొట్టేదనుకుంటే అది నా గర్వం. కుళాయి దగ్గర వరస తప్పి బిందె ముందుకు జరిపిన ఒకామెను అవ్వ జుట్టు పట్టుకొని, ఆ బిందెతోనే వీపు మీద బాదింది. బిందె సొట్ట పడింది. సాయంత్రం ఆ సొట్ట తీయించి, నీళ్లు నింపి, వాళ్లింటి దాకా తనే మోసి ఇచ్చి వచ్చింది. మా వరసలో ఒకడు తాగొచ్చి రోజూ పెళ్లాన్ని తన్నేవాడు. ఒక మధ్యాహ్నం అవ్వ వాడి ఇంట్లోకి పోయి లోపల గడియ పెట్టుకుంది. బయట మేమంతా నిలబడి విన్నాం. పీట విరిగిన చప్పుడు, ఇత్తడి చెంబు గోడకు తగిలిన చప్పుడు, తర్వాత మగవాడు అరిచిన చప్పుడు. తలుపు తీసుకొని వచ్చేసరికి ఆమె మూతి నిండా రక్తం. వాడి చెవికి కొన లేదు. కాలువలోకి ఉమ్మి, “ఉప్పు చాలలేదు” అంది. వాడి పెళ్లాం ఆ రాత్రి మా ఇంట్లో అన్నం తిని, మా అమ్మ పక్కన పడుకుంది.

ఆ చేత్తోనే నాకు తినిపించేది. ఆదివారం పొద్దున మట్టిచట్టిలో పంది మాంసం వేపుడు వేగుతుంటే, మిరియాలు, ధనియాలు అమ్మిరాయి మీద నూరుతూ, “కొవ్వు నాకు, కండ నీకు” అనేది. ముక్క ఉఫ్ఫుమని ఊది నోట్లో పెట్టేది. నోరు కాలిందని నేను అరిస్తే నెత్తిన ఒకటి మొట్టేది. ఇది ఆమె ముద్దు. అసలు ముద్దు పెట్టుకోవడం ఆ వీధిలో ఎవరికి వచ్చు?

నాకు బడికి పోయే వయసు రాకముందు ఒక పెద్ద జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారట. మేము చేసేదంతా చేశాం, ఇక పైవాడున్నాడు అన్నారట. అవ్వ నన్ను భుజాన వేసుకొని ఇంటికి తెచ్చి, తుమ్మ పొదల్లోకి పోయి, అప్పుడే ఈనిన పంది పిల్లల్లోంచి అన్నిటికన్నా బక్కదాన్ని, పాలకు తోపులాడలేక పక్కన పడున్నదాన్ని, చెవి పట్టుకొని తెచ్చింది. మా వీధి మొదట్లో ఎల్లమ్మ రాయి ఉండేది. దాని ముందు నన్నొక పక్క, పంది పిల్లనొక పక్క పడుకోబెట్టింది. కొడవలితో దాని చెవి కొస కోసి, ఆ రక్తం నా నుదుటికి పెట్టి, “ఇదో సూడు, ఈ బిడ్డ నాకు, ఆ బిడ్డ నీకు. ఇది పెరిగి పెద్దదైనాక తెచ్చిస్తా. మధ్యలో దీన్ని ముట్టుకున్నావో, నీ రాయి పీకి కాలవలో యేస్తా” అందట. మొక్కులు బతిమాలి కూడా మొక్కుతారని నాకు చాలా కాలం తెలియదు. అందరూ దేవుడిని బెదిరించే అడుగుతారనుకున్నాను.

నేను బతికాను. పంది కూడా బతికింది.

మొక్కిన జంతువుకు మావాళ్లలో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఏ బిడ్డ కోసం మొక్కారో ఆ బిడ్డ పేరే దానికి పెట్టాలి. దాని మీద కర్ర పడకూడదు. మెడకు తాడు పడకూడదు. ఎవరింట్లోకి దూరినా కాదనకూడదు, తిన్నంత తిననివ్వాలి. మొక్కు తీర్చే రోజున దాని మీద పసుపు నీళ్లు పోయాలి. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే ఎల్లమ్మ ఒప్పుకున్నట్టు, అందరూ దండం పెట్టాలి; అప్పుడు బిడ్డ మేనమామ ఒక్క వేటు వేయాలి. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు. ఇచ్చినదాన్ని అమ్మ తీసుకోకపోతే మాత్రం, ఆ మాట బిడ్డ తల మీదే వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడైనా, ఎక్కడైనా ఆ బిడ్డనే తీసుకుంటుంది.

అట్లా ఆ పందికి నా పేరు వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను. పంది పరువు పోతుంది.

సందు చివర నిలబడి అవ్వ ఆ పేరు కేక వేస్తే ఇద్దరం పరుగెత్తేవాళ్లం. ఎప్పుడూ అదే ముందు. దాని చలవ వల్ల మాకు జరిగిన వైభోగాలు అంతా ఇంతా కావు. వీధిలో ఒకామె వడియాలు ఎండబెట్టి, పిట్టను కూడా వాలనిచ్చేది కాదు. మేము పిల్లలం ఆమె వాకిలి దాకా అటుకులు చల్లుకుంటూ పోయేవాళ్లం. వెనకాలే మొక్కు పంది వచ్చేది. అది చాప మీదికి ఎక్కి వడియాలన్నీ నమిలేస్తుంటే, ఆమె కర్ర ఎత్తలేక, ఊరుకోలేక, “తిను తల్లీ, తిను, నీ నోరు పడిపోను” అని ఏడుస్తూ దండం పెట్టేది. మేము గోడ వెనక పొట్టలు పట్టుకొనేవాళ్లం. దానికి మిగిలిన వడియాలు మావి.

ఇప్పుడు మా నాయన గురించి చెప్పాలి. ఆయన నోట్లో మాటే ఉండేది కాదు. ఇంటికి రావాల్సిన మాటలన్నీ అవ్వ వాడేసుకుంది కదా, ఆయన వంతుకు మిగల్లేదని మా అమ్మ అనేది. ఊడ్చేవాళ్ల ఇంట్లో పుట్టి, మునిసిపాలిటీ లారీకి డ్రైవరు కాగలిగాడు. మా వరసలో చీపురు పట్టని మొదటి చెయ్యి ఆయనది. ఖాకీ చొక్కాకు గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి అవ్వే ఇస్త్రీ చేసేది. “నా కొడుకు కూసోని పని జేస్తాడు” అని వీధంతా వినబడేలా చెప్పేది.

నా పంది బాగా బలిసిన ఏడు, ఆడి నెలలో మొక్కు తీర్చాలని అవ్వ నిర్ణయించింది. అది మా ఆషాఢం. ఎల్లమ్మకు రాగి అంబలి పోసే నెల. సరిగ్గా ఆ ముందు వారంలో, ఊళ్లో పందులన్నీ పట్టేస్తామని మైకు కట్టిన ఆటో వీధి వీధి తిరిగింది. పందుల వల్ల జ్వరాలు వస్తున్నాయట. బండి దొరికినవాళ్లు తమ పందుల కాళ్లు కట్టి, తోపుడు బండ్లెక్కించి చుట్టాల ఊళ్లకు తరలించారు. మా మామూలు పందులూ పోయాయి. ఒక్క మొక్కు పందికే తాడు వేయకూడదు కదా. తాడు లేకుండా పందిని ఎక్కడికి తీసుకుపోతారు?

అవ్వ దానికి నూకల జావ చూపించి, బతిమాలి, ఇంట్లోకి పిలిచి తలుపేసింది. ఆ రాత్రి మూల చాప మీద నేను, పంది పడుకున్నాం. దాని గురకకు నాకు నిద్ర లేదు, నా గురకకు దానికి లేదు. తెల్లారకముందు అవ్వ పనికి పోయింది. కాసేపటికి పంది తలుపు కింది చెక్కను మూతితో పెకలించుకొని తనూ పనికి పోయింది.

పొద్దెక్కుతుండగా లారీ వచ్చింది. లారీ చప్పుడు వినగానే నాకు తెలిసిపోయింది, అది మా నాయన లారీ. డిపోలో ఆయనకు ఆ పొద్దునే చెప్పారట, ఈరోజు మీ వీధేనని. ఆయన మా వైపు చూడలేదు. చక్రం పట్టుకొని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి పందులు పట్టేవాళ్లు దూకారు. బయటి ఊరి మనుషులు, మోకాళ్ల దాకా నూనె రాసుకున్నారు, చేతుల్లో ఇనప తీగ మెలేసిన కమ్మి ఉచ్చులు, ఇనప కొక్కేలు. పొదల్లో మిగిలిన పందుల మీద పడ్డారు. ఉచ్చు మెడకు బిగిస్తే పంది పెట్టే కేక విన్నవాళ్లకు మనిషి కేకకూ దానికీ తేడా తెలియదు. కొక్కెం దవడకు గుచ్చి ఈడ్చారు. కాళ్లు పట్టి ఊపి లారీలోకి విసిరారు. విసిరినప్పుడు నడుము విరిగిన చప్పుడు వినబడేది. ఒకటి కొక్కెం విడిపించుకొని, దవడ వేలాడుతూ, మా వాకిట్లోకి పరుగెత్తి, ముగ్గు మీద పడి చచ్చింది.

నా పంది వడియాల ఇంటి ముందు నిలబడి ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు కదా, పారిపోవాలని దానికి తెలియదు. ఉచ్చు పట్టుకొని వస్తున్నవాడిని చూసి, తినడానికి ఏమన్నా తెచ్చాడేమోనని ఎదురుపోయింది.

అదే సమయానికి పని ముగించుకొని, పొడుగు కర్ర చీపురు భుజాన పెట్టుకొని మా అవ్వ సందు మలుపు తిరిగింది.

“వొదులు రా దాన్ని! అది మొక్కు పంది! అమ్మ సొత్తు!”

“ఆహా, ఏ పందిని పట్టినా అమ్మ సొత్తే, అమ్మమ్మ సొత్తే” అని తమిళంలో నవ్వాడు వాడు.

చీపురు కర్ర గాలిలో తిరిగింది. వాడి ముక్కు పగిలింది. రెండోవాడు ఇనప కర్రతో అవ్వ కనుబొమ మీద కొట్టాడు. బొమ చీలి, రక్తం కంట్లోకి కారింది. ఆమె ఆ కన్ను మూసుకొని రెండో కంటితో కొట్టడం సాగించింది. వాడు జుట్టు పట్టి నేల మీద ఈడ్చాడు. ఆమె వాడి మణికట్టు పళ్లతో పట్టుకుంది, తల విదిలించి విదిలించి కొరికింది. నేను పోయి నా పంది వెనక కాలు పట్టుకున్నాను. అటు వాళ్లు, ఇటు నేను. ఎవడో నా కడుపులో తన్నాడు. ఊపిరి పోయింది, పట్టు పోయింది. పందిని లారీలోకి విసిరారు. ‘అవ్వా’ అని నేను అరిచానో, అది అరిచిందో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లచొక్కా మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు కాలువ గట్టు మీద, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. “డ్రైవర్! బండి తియ్యి!” అన్నాడు.

అవ్వ లేచి లారీకి అడ్డంగా వచ్చి నిలబడింది. జుట్టు విరబోసుకొని, సగం మొహం ఎర్రగా.

“తోలు రా కొడకా. నాకు కూసోని పని జేసే కొడుకు గదా, కూసోని జెయ్యి. ముందు నన్ను తొక్కు. ఆ బండిలో ఉండేది నీ కూతురి పానం, అది తెల్సుకోని తొక్కు.”

“దిగినావంటే ఉద్యోగం లేదు!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాయన ఇంజను ఆపాడు. దిగాడు. మెల్లగా అవ్వ దగ్గరికి నడిచాడు. తనను పక్కకు ఈడ్చేయడానికి వస్తున్నాడనుకుంది ఆమె. చీపురు కర్ర తిప్పి భుజం మీద కొట్టింది. ఆయన ఆగలేదు. నెత్తి మీద కొట్టింది. కర్ర విరిగింది. రక్తం నుదుటి మీదుగా ఆ గంజి పెట్టిన ఖాకీ చొక్కా మీదికి దిగింది. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

“ఇంగా కొట్టల్లంటే కొట్టుకోమ్మా” అన్నాడు. “కొట్టి, కొంచెం జరుగు. నేను బండి వెనకాలకి పోవాల.”

అవ్వ చేతిలో సగం కర్ర అలాగే ఉండిపోయింది. నాయన లారీ వెనక్కి పోయి, గొలుసు విప్పి, తలుపు పడేశాడు.

పందుల వరద చూశారా ఎప్పుడైనా? నేను చూశాను. ఒకదాని మీద ఒకటి, విరిగిన కాళ్లతో, రక్తాలతో, అరుస్తూ దూకాయి. పట్టేవాళ్లను తొక్కుకుంటూ పోయాయి. ఇన్‌స్పెక్టరు తెల్లచొక్కాతో సహా కాలువలోకి పోయాడు. మళ్లీ పైకి వచ్చినప్పుడు ఆయనా మావాడిలాగే ఉన్నాడు. అప్పటిదాకా తలుపుల వెనక నిలబడి చూసిన ఆడవాళ్లు రోకళ్లు, పీటలు, వేడి గంజి పట్టుకొని బయటికొచ్చారు. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. నా పంది నా మీద పడుకొని ఉంది. మెడ చుట్టూ కమ్మి కోసిన గాటు, బతికే ఉంది.

ఆ సాయంత్రం అవ్వ నాయన తలకు కాఫీ పొడి, పసుపు అద్ది గుడ్డ కట్టింది. కడుతూ ఆపకుండా తిట్టింది. “చెయ్యి అడ్డం పెట్టకూడదా రా? ఎద్దు మాదిరి నిలబడతావా? పగిలింది సూడు!”

“నువ్వు కొడితే చెయ్యి అడ్డం పెట్టే దానికి నాకు యాడ వచ్చు మా?” అన్నాడు నాయన. ఆయన నోట ఒకే రోజు అన్ని మాటలు నేను మళ్లీ వినలేదు. మరుసటి వారం నుంచి ఆయన చేతికీ చీపురు వచ్చింది. ఖాకీ చొక్కాకు గంజి పెట్టడం ఆగిపోయింది.

మొక్కు రోజు రానే వచ్చింది. పూజ చేసే తాత పంది మెడ మీద గాటు చూసి, “దీనికి తాడు పడింది గదే, మొక్కు చెల్లదేమో” అని నసిగాడు. “పడింది కమ్మి. తాడు గాదు” అంది అవ్వ, ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఆయన మీద. తాత ఆ ఒక్క కంటినీ చూసి, చెల్లుతుందన్నాడు.

మధ్యాహ్నం ఎండ. రాగి అంబలి కాగు దగ్గర పచ్చి ఉల్లిపాయల వాసన, ఎండుచేపల పులుసు ఘాటు, వేపాకు పొగ. డప్పులు మోగుతున్నాయి. మా మేనమామ నూరిన కత్తి పట్టుకొని పక్కన నిలబడ్డాడు. నాకు కొత్త గౌను. నా పేరున్నదానికి మెడలో పూలదండ, నుదుట కుంకుమ. ఇద్దరిలో అదే బాగుందని మా అమ్మ కూడా ఒప్పుకుంది. నాకు మాత్రం కడుపులో ఆ తన్ను ఇంకా నొస్తోంది. అది ఒళ్లు విదిలిస్తే కత్తి. విదిలించకపోతే నేను. ఎటు దండం పెట్టుకోవాలో తెలియలేదు.

అవ్వ బిందె ఎత్తి పసుపు నీళ్లు పోసింది.

పంది కళ్లు మూసుకుంది.

ఇంకో బిందె పోసింది. పంది తృప్తిగా గుర్రుమని, ఆ తడి మట్టిలో కూర్చుంది. ఇంకో బిందెకు పడుకుంది. మేకను మొక్కి ఉంటే ఎప్పుడో విదిలించేది. ఎండాకాలమంతా బురద వెతుక్కునే జంతువును మొక్కి, దాని మీద చల్లటి నీళ్లు పోసి, వద్దని ఒళ్లు విదిలించమంటే ఎందుకు విదిలిస్తుంది? అది ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. డప్పులు కొట్టేవాళ్ల చేతులు పడిపోయాయి. “చెవిలో పొయ్యి మే” అని ఒకరు, “చెవిలో ఊదు” అని ఒకరు.

“ఎవురన్నా ఊదితే చెవి కోస్తా” అంది అవ్వ. ఆమె కోయగలదని అందరికీ తెలుసు. “అది దానంతట అది ఒప్పుకోవాల.”

ఎండ వాలింది. అంబలి చల్లారింది. వీధి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. అవ్వ మొహం చూశాను. లారీకి అడ్డం నిలబడినప్పుడు కూడా ఆ మొహంలో భయం లేదు. ఇప్పుడుంది. నన్ను లాగి తన కాళ్ల మధ్య నిలబెట్టుకుంది. రాయి వైపు తిరిగింది.

“ఏమే! ఏం కావాలే నీకు? ఇస్తానన్నది ఇచ్చినా గదా. దీని కోసరం నా కొడుకు తల పగలగొట్టినా. వాడి అన్నం కొట్టినా. ఇంగా చాలదా? ఈ బిడ్డ మీద కన్ను పెట్టుకోనుండావా? పెట్టుకోనుంటే నాతో చెప్పు, మనిద్దరం తేల్చుకుందాం!”

మేనమామ చేతిలోంచి కత్తి లాక్కుంది. తన ఎడమ చేతిని రాయి మీద పెట్టి, మోచేతి నుంచి మణికట్టు దాకా గీరింది. రక్తం రాయి మీద ధారగా పడింది. నాయన పరుగెత్తుకొచ్చాడు. ఆమె కత్తి ఆయన వైపు తిప్పింది, ఆయన ఆగాడు. మిగిలిన ఆఖరి బిందె ఎత్తుకొని, పసుపు నీళ్లన్నీ తన నెత్తి మీదే పోసుకుంది.

ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత ముక్కు దగ్గర మొదలై కాళ్ల దాకా ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలించింది. జుట్టులోని నీళ్లు, చేతి మీది రక్తం, పసుపు, అన్నీ మా అందరి మీద చిలికాయి.

పూజ చేసే తాత చేతులు జోడించాడు. “ఒప్పుకొనింది” అన్నాడు. వీధంతా దండం పెట్టింది. నేనూ పెట్టాను. మేనమామ దగ్గర ఇక కత్తి లేదు, ఉన్నా ఎత్తేవాడు లేడు. పంది లేచి చల్లారిన అంబలి కాగులో మూతి పెట్టింది.

ఆ రోజు నుంచి మా అవ్వ మొక్కు మనిషి. మొదట అందరూ భయపడ్డారు, అమ్మ ఎప్పుడు పిలుచుకుంటుందోనని. అవ్వ భయపడలేదు. మొక్కు జంతువుకున్న మర్యాదలన్నీ లెక్కగా వాడుకుంది. ఎవరింట్లోకైనా నేరుగా పోయి ఉట్టి మీది చట్టి దించేది. కాదంటే, “నేను అమ్మకి ఇచ్చేసిన దాన్ని మే, నన్ను అడ్డుకుంటే నీకే పాపం” అనేది. వడియాల ఆమెకు మళ్లీ కష్టాలు మొదలయ్యాయి. పందితో పాటు ఇప్పుడు అవ్వ కూడా వచ్చేది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. నా పంది అట్లాగే ముసలిదై, నిద్రలో చచ్చిపోయింది. మా వీధిలో ముసలితనం చూసిన పంది అదొక్కటే. దాన్ని పాత చీరలో చుట్టి పూడ్చారు. ఎవరూ తినలేదు. నా పేరుతో ఏడ్చారు, నేను బతికుండగానే విన్నాను.

ఎల్లమ్మ మా అవ్వను పిలవడానికి చాలా ఏళ్లు తీసుకుంది. పిలిచి ఎదుర్కోవడానికి జంకి ఉంటుంది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో చూడబోతే, అవ్వ రెండు మణికట్లనూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేసి ఉన్నారు. సూదులు పీకేస్తోందట, ఒక ఆయాను కొరికిందట.

“విప్పండి” అన్నాను.

“కట్టకపోతే ఆమెకే చేటమ్మా” అంది నర్సు, మంచి పిల్లే.

“మా అవ్వకు తాడు పడకూడదు” అని నేనే విప్పాను. ముళ్లు బిగుసుకున్నాయి, పళ్లతో విప్పాను. ఆమె మనవరాలినే కదా. ఎడమ చేతి మీద ఆ పాత గీత ఇంకా తెల్లగా ఉంది. విడిపించిన చెయ్యి మెల్లగా పైకి లేచింది. నా చెంప నిమురుతుందనుకొని వంగాను. ఛెళ్లున కొట్టింది.

“ఎందుకవ్వా?” అన్నాను, ఇంత వయసొచ్చి ఏడుస్తూ.

“నీకే తెలుస్తాది” అంది. “యోచన చెయ్యి మే.”

ఆ రాత్రే పోయింది.

మరునాడు వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, పసుపు నీళ్లు పోశారు. మా వాళ్లలో ఆ చెంబు మనవరాళ్లు పోయాలి. నేను పోశాను. పోసి ఆగాను. నా వెనక నిలబడ్డవాళ్లు జరగమన్నారు, నేను జరగలేదు. ఇంకో చెంబు పోశాను. నీళ్లు బొమ మీది మచ్చ పక్క నుంచి కారాయి, మూసిన కళ్ల మీద నుంచి కారాయి, గడ్డం కింద చుక్కలుగా ఆగాయి. ఒళ్లు కదల్లేదు. బిందె అయిపోయేదాకా పోశాను.

“చాలు మే” అంది మా అమ్మ, నా చెయ్యి పట్టుకొని.

“అవ్వ ఒప్పుకోలేదు మా” అన్నాను. “ఒప్పుకోకుండానే తీసుకొని పోతా ఉండారు.”

ఎవరూ నవ్వలేదు. నాయన అరుగు మీద కూర్చొని, తల మీది పాత మచ్చ తడుముకుంటున్నాడు.

ఇదంతా బాల్కనీలో తడి చీరతో నిలబడి ఎవరికి చెప్పను? మనవరాలు నా కొంగు పట్టుకొని మళ్లీ అడిగింది. “చెప్పు అమ్మమ్మా, ఎందుకు దండం పెట్టినావు?”

నా చెయ్యి దానంతట అదే లేచి, పిల్ల వీపు మీద ఒకటి వేసింది. గట్టిగా కాదు. మా అవ్వ చేతుల బలం నాకు రాలేదు.

“ఎందుకు కొట్టినావు?” అంది పిల్ల, కళ్లు పెద్దవి చేసి.

“నీకే తెలుస్తుంది” అన్నాను. “యోచన చెయ్యి.”

పిల్ల ఏడవలేదు. తడి నేల మీద కుక్క పక్కన చతికిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, నిజంగానే యోచన చేయడం మొదలుపెట్టింది.